మెదడులోని తీగలు, మెదడు చేసే పని



“లెక్కలు మా ఇంటావంటా లేవు.” “వాడి బుర్ర అంతే, ఎంత చెప్పినా ఎక్కదు.” ఇలాంటి మాటలు వినకుండా పదో తరగతి దాటినవాళ్ళు మనలో తక్కువ. ఇతరులు అంటే కొంత నయం. మన గురించి మనమే అలా అనుకోవడం మొదలుపెడితే పుస్తకం తెరవకముందే సగం ఓడిపోతాం. ఈ మాటల వెనుక ఒక నమ్మకం ఉంది. మెదడు పుట్టుకతోనే ఒక తీరుగా అల్లి ఉంటుంది, ఆ అల్లిక ఎలా ఉంటే తెలివి అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చలేరు అన్నదే ఆ నమ్మకం.

ఇందులో నిజమెంత? మెదడు నిర్మాణానికీ, అది చేసే పనికీ ఉన్న సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు గత ముప్ఫై ఏళ్ళుగా యంత్రాలతో కొలిచి చూస్తున్నారు. ఆ కృషిలో హైదరాబాదు వాటా కూడా ఉంది. ఆ సంగతులన్నీ ఒక పాఠంగా ఇక్కడ రాస్తున్నాం. బైపీసీ చదవనివాళ్ళకు కూడా అర్థం కావాలని మన మార్కాపురం, గిద్దలూరు వైపు కనిపించే వాటితోనే పోల్చి చెబుతాం.

1. మెదడులో ఏముంది?

పెద్దవాళ్ళ మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. శరీరం బరువులో ఇది నూటికి 2 వంతులే. కానీ మనం ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో ఇంచుమించు ఐదో వంతు దీనికే పోతుంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని 2009లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

నాడీకణం ఆకారంలో చెట్టును పోలి ఉంటుంది. ఒక పక్క కొమ్మలు ఇతర కణాల నుంచి వార్తను అందుకుంటాయి. ఇంకో పక్క ఆక్సాన్ అనే పొడవైన తంతువు ఆ వార్తను ముందుకు మోసుకుపోతుంది. తంతువు చివర మరో కణాన్ని కలిసే చోటును సినాప్స్ అంటారు. అక్కడ రెండు కణాలూ అతుక్కొని ఉండవు. మధ్యలో చాలా సన్నని సందు ఉంటుంది. ఎక్కువ చోట్ల రసాయనాలు ఆ సందును దాటి వార్తను చేరవేస్తాయి. నాడీకణాలు ఇలా విడివిడిగా ఉంటాయని స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కాహాల్ చెప్పాడు. కణాలకు రంగు వేసి చూసే పద్ధతి కనిపెట్టిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీ మాత్రం మెదడంతా తెగకుండా అల్లిన ఒకే వల అని వాదించాడు. 1906లో నోబెల్ బహుమతిని ఆ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. తరువాత కాలంలో నిలబడింది కాహాల్ మాట.

మెదడును కోసి చూస్తే బూడిదరంగు భాగం, తెల్ల భాగం అని రెండు కనిపిస్తాయి. బూడిదరంగు భాగంలో కణాల ఒడళ్ళు ఎక్కువ. తెల్ల భాగంలో తంతువుల కట్టలు ఎక్కువ. ఆ తెలుపుకు కారణం తంతువుల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగు. తొడుగు లేని సన్నని తంతువులో వార్త సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో పోతుంది. మంచి తొడుగు ఉన్న లావుపాటి తంతువులో సెకనుకు 100 మీటర్ల దాకా పోతుంది. కుడి, ఎడమ మెదళ్ళను కలిపే ఒక్క కట్టలోనే సుమారు 20 కోట్ల తంతువులు ఉంటాయి. ఈ వ్యాసంలో తీగలు అన్నప్పుడల్లా ఈ తంతువుల కట్టలే అని గుర్తుంచుకోవాలి.

2. పట్టాలు వేరు, బండ్లు వేరు

గుంటూరు – గుంతకల్లు రైలు మార్గం మనందరికీ తెలిసిందే. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట దాటి నల్లమల గుండా నంద్యాల చేరుతుంది. ఈ మార్గానికి రెండు రకాల పటాలు గీయవచ్చు.

మొదటిది పట్టాల పటం. ఏ స్టేషనుకూ ఏ స్టేషనుకూ మధ్య పట్టాలున్నాయి, ఎంత దూరం, ఎన్ని వరసలు అన్నది అందులో ఉంటుంది. ఇవాళ చూసినా వచ్చే నెల చూసినా అది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రెండోది బండ్ల పటం. ఏ వేళకు ఏ బండి ఎక్కడుంది, ఏ స్టేషన్లో ఎప్పుడు రద్దీ అన్నది అందులో ఉంటుంది. అది గంటగంటకూ మారుతుంది.

ఈ రెండు పటాలకూ సంబంధం ఉంది కానీ రెండూ ఒకటి కాదు. నాలుగు విషయాలు గమనించండి.

ఒకటి: పట్టాలు లేనిచోట బండి నడవదు.

రెండు: పట్టాలు ఉన్నంత మాత్రాన పని జరగదు. చిన్న స్టేషను మీదుగా ఎక్స్‌ప్రెస్ ఆగకుండా వెళ్ళిపోతుంది. పట్టాలు ఊరి పక్కనే ఉన్నా ఆ ఊరివాడికి ఆ బండి లేనట్టే.

మూడు: నేరుగా పట్టాలు లేని ఊళ్ళలో కూడా ఒకేసారి కదలిక రావచ్చు. గిద్దలూరు నుంచి ఒంగోలుకు నేరుగా రైలు లేదు. గుంటూరు, తెనాలి మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. అయినా సంక్రాంతికి రెండు స్టేషన్లూ ఒకేసారి కిటకిటలాడతాయి. దానికి కారణం ఒక స్టేషను ఇంకో స్టేషనుకు కబురు పంపడం కాదు, రెండు చోట్లకూ పండుగ ఒకటే కావడం.

నాలుగు: అవే పట్టాల మీద ప్యాసింజరూ నడుస్తుంది, గూడ్సూ నడుస్తుంది. నిర్మాణం ఒకటే, పనులు అనేకం.

మెదడులో కూడా ఇంతే. తీగల పటాన్ని నిర్మాణ పటం అనీ, ఏ భాగాలు ఎప్పుడు కలిసి పనిచేస్తున్నాయో చూపే పటాన్ని క్రియా పటం అనీ అందాం.

3. ఈ పటాలు ఎలా గీస్తారు?

పూర్వం మెదడును గురించి తెలుసుకోవాలంటే మనిషి చనిపోయేదాకా ఆగవలసి వచ్చేది. 1861లో ఫ్రాన్సు వైద్యుడు బ్రోకా మాట పడిపోయిన ఒక రోగి చనిపోయాక మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందు భాగం దెబ్బతిన్నదని చూశాడు. ఏ పని ఏ చోట జరుగుతుందో వెతికే శాస్త్రం అక్కడి నుంచి ఊపందుకుంది. 1874లో జర్మనీ వైద్యుడు వెర్నికె ఇంకో అడుగు ముందుకు వేశాడు. మాటను అర్థం చేసుకునే భాగమూ, మాటను పలికించే భాగమూ రెండూ బాగున్నా, వాటిని కలిపే దారి తెగితే మాట చెడిపోతుందని చెప్పాడు. చోటుతో పాటు దారి కూడా ముఖ్యమని అప్పుడే తేలింది.

ఇప్పుడు బతికి ఉన్న మనిషి మెదడునే, కోత లేకుండా, ఎం.ఆర్.ఐ. యంత్రంతో చూస్తున్నారు. నిర్మాణ పటానికి నీటి అణువుల కదలికను కొలుస్తారు. తంతువు వెంబడి నీటి అణువు సులువుగా కదులుతుంది, అడ్డంగా కదలడం కష్టం. చాళ్ళు తోలిన పొలంలో నీరు చాలు వెంట పారినట్టే. నీరు ఏ దిక్కుగా ఎక్కువ కదులుతోందో కొలిస్తే తీగ ఏ దిక్కుగా పోతోందో అంచనా వేయవచ్చు. ఈ పద్ధతి 1990 దశకంలో రూపుదిద్దుకుంది.

క్రియా పటానికి రక్తాన్ని ఆసరా చేసుకుంటారు. మెదడులో ఒక భాగం పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ అయస్కాంత గుణంలో తేడా ఉంటుంది. ఆ తేడాను స్కానింగ్‌లో పట్టుకోవచ్చని 1990లో జపాన్ శాస్త్రజ్ఞుడు సేజి ఒగావా చూపాడు. 1995లో అమెరికాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న భరత్ బిస్వాల్, ఆయన సహచరులు ఒక వింత గమనించారు. మనిషి ఏ పనీ చేయకుండా కదలక పడుకున్నప్పుడు కూడా, కుడి చేతిని కదిలించే భాగంలోనూ ఎడమ చేతిని కదిలించే భాగంలోనూ రక్తపు హెచ్చుతగ్గులు ఒకే తాళంలో నడుస్తున్నాయి. ఇలా రెండు భాగాల హెచ్చుతగ్గులు జోడుగా నడిస్తే వాటి మధ్య క్రియా సంబంధం ఉందంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. జోడుగా నడవడం వేరు, ఒకటి ఇంకోదాన్ని నడపడం వేరు. సంక్రాంతి రద్దీ ఉదాహరణ చెప్పింది ఇందుకే.

4. రెండు పటాలూ సరిపోతాయా?

ఒకే మనిషి మెదడుకు రెండు పటాలూ గీసి పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తుంది? 2009లో హనీ, స్పోర్న్స్, వారి సహచరులు ప్రకటించిన పరిశోధన దీనికి స్పష్టమైన జవాబు ఇచ్చింది. లావుపాటి తీగలు కలిపే భాగాలు చాలావరకు జోడుగానే పనిచేస్తున్నాయి. అంటే తీగలను చూసి పనిని కొంతవరకు ఊహించవచ్చు. కానీ తిరగేసి చూస్తే లెక్క కుదరలేదు. జోడుగా పనిచేస్తున్న భాగాల మధ్య నేరుగా తీగ కనిపించని సందర్భాలు చాలా ఉన్నాయి. మధ్యలో ఉన్న మూడో భాగం మీదుగానో, అనేక దారుల గుండానో ఆ సంబంధం ఏర్పడుతోంది.

దీనికి బలమైన ఉదాహరణ ఇంకొకటి ఉంది. కుడి, ఎడమ మెదళ్ళను కలిపే ఆ 20 కోట్ల తంతువుల కట్ట కొందరికి పుట్టుకతోనే ఉండదు. అలాంటివారిని అమెరికాలో స్కానింగ్ చేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. కుడి, ఎడమ భాగాలు వాళ్ళలో కూడా చాలావరకు జోడుగానే పనిచేస్తున్నాయి. పెద్ద దారి లేకపోతే మెదడు చిన్న దారులు వెతుక్కుంది. అలాగని వాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదని కాదు. కొన్ని పనుల్లో ఇబ్బంది ఉంటుంది. కానీ తీగల పటం ఒక్కటే చూసి వాళ్ళ మెదడు పనిని చెప్పబోతే పొరపాటు పడతాం.

చిన్న ప్రాణుల్లో కూడా ఇదే సంగతి. ఒక మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగుకు నాడీకణాలు 302 మాత్రమే. వాటి తీగల పటం మొత్తాన్ని 1986లోనే ప్రకటించారు. ఆ పటం చేతిలో ఉన్నా ఆ పురుగు ఏ క్షణాన ఏం చేస్తుందో చెప్పడం ఈనాటికీ తేలిక కాలేదు. 2024లో ఎదిగిన పండ్ల ఈగ మెదడుకు కూడా పూర్తి పటం వచ్చింది. అందులో 1,39,255 నాడీకణాలు, 5 కోట్లకు పైగా సినాప్స్‌లు ఉన్నాయి. మనిషి మెదడుకు అంత వివరమైన పటం ఇంకా లేదు. పీతల పొట్టను కదిలించే చిన్న నాడీ ముడిలో సుమారు 30 కణాలే ఉంటాయి. తీగలు అవే ఉన్నా, చుట్టూ ఉన్న రసాయనాలు మారితే ఆ ముడి వేర్వేరు తాళాల్లో పనిచేస్తుందని ఈవ్ మార్డర్ అనే శాస్త్రజ్ఞురాలు చూపించారు. ఆకలి, నిద్ర, భయం, సంతోషం మన శరీరంలో రసాయనాలను మారుస్తాయి. భయంతో పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లవాడి తీగలు ముందు రోజు రాత్రి ఉన్నవే. మారింది వాటి మీద నడిచే పని.

5. హైదరాబాదులో జరిగిన కృషి

హైదరాబాదు గచ్చిబౌలిలో ఒక ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతో మన పిల్లలకు సీట్లు వచ్చే ట్రిపుల్ ఐటీలు వేరు, ఇది వేరు. అక్కడ ఆచార్య సూరంపూడి బాపిరాజు, ఆయన శిష్యులు, సహచరులు తీగల నుంచి పని ఎలా పుడుతుందన్న ప్రశ్నను గణితంతో పట్టుకున్నారు. వారి వ్యాసం 2018లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చింది.

వారి ఆలోచనను ఇలా అర్థం చేసుకోవచ్చు. ఇనుప పెనం మీద ఒక చోట నిప్పు పెడితే వేడి ముందు దగ్గర చోట్లకు, ఆలస్యంగా దూరపు చోట్లకు పాకుతుంది. మెదడు తీగల వల మీద కూడా కదలిక అలాగే పాకుతుందనుకుందాం. కొద్ది సేపట్లో పాకేది దగ్గర భాగాలకే అందుతుంది, ఎక్కువ సేపు పాకేది దూర భాగాలకు అందుతుంది. అంతకుముందు కొందరు ఒకే ఒక కొలతతో లెక్క వేశారు. బాపిరాజు గారి బృందం ఒక్క కొలత చాలదని, దగ్గరి పాకుడునూ దూరపు పాకుడునూ రకరకాల పాళ్ళలో కలపాలని చెప్పింది. ఏ పాళ్ళలో కలపాలో కొందరి స్కానింగ్‌ల నుంచి కంప్యూటర్‌కు నేర్పించి, లెక్కలోకి రాని కొత్తవారి తీగల పటం ఇచ్చి, వారి క్రియా పటాన్ని ఊహించమన్నారు. ఆ ఊహ సుమారు 71 శాతం మేరకు సరిపోయిందని ప్రకటించారు.

ఇందులో మనం గమనించవలసినవి రెండు. తీగలకు బలం ఉంది, అది చిన్నది కాదు. అయినా ఎంతో శ్రమపడి కట్టిన లెక్కకు కూడా అందని వాటా మిగిలే ఉంది. పైగా ఈ లెక్క చెప్పేది కదలకుండా పడుకున్న మనిషి మెదడులోని జోడు కదలికల గురించి. ఫలానా పిల్లవాడు గణితంలో పైకి వస్తాడా రాడా అన్నది ఏ స్కానింగూ చెప్పలేదు. అలా చెబుతామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

6. వాడుక తీగను మారుస్తుంది

ఇప్పటిదాకా తీగలు పనిని ఎలా మలుస్తాయో చూశాం. దీనికి రెండో పక్క కూడా ఉంది. నల్లమలలో వాన కురిసినప్పుడు నీరు పల్లం వెంట పోతుంది. కానీ ఏటేటా అదే దారిన పారే నీరు ఆ దారిని లోతు చేస్తుంది. వాగు వల్ల నీరు ఒక దారిన పోతుందన్నదీ నిజమే, నీటి వల్ల వాగు ఏర్పడిందన్నదీ నిజమే. మెదడులో కూడా కలిసి పనిచేసే కణాల మధ్య బంధం బలపడుతుందని 1949లో కెనడా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ హెబ్ ప్రతిపాదించాడు.

2009లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు కొందరు పెద్దవాళ్ళకు మూడు బంతులు ఎగరేసి పట్టుకునే ఆట ఆరు వారాలు నేర్పారు. ఆ తరువాత స్కానింగ్ చేస్తే, కంటినీ చేతినీ సమన్వయం చేసే చోట తెల్ల భాగంలో మార్పు కనిపించింది. ఆట బాగా వచ్చినవాళ్ళలోనూ అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళలోనూ మార్పు ఉంది. పట్టుబట్టి సాధన చేయడమే అందుకు చాలింది. 2014లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడులో ఒక భాగంలోని కణాలను పనిచేయించి, అక్కడ మైలిన్ తొడుగు మందమవడం చూశారు. మన రైలు మార్గం 1990 దశకంలో మీటరు గేజి నుంచి బ్రాడ్ గేజికి మారినట్టే, ఉన్న దారే మెరుగుపడింది.

చదువు విషయానికి వద్దాం. మార్కాపురం అంటే పలకలు. ఎన్నో తరాల పిల్లలు మన రాతి పలకల మీద ఓనమాలు దిద్దారు. ఆ దిద్దడం మెదడులో ఏం చేస్తుందో ఇప్పుడు కొంత తెలుసు. మాట పుట్టి వేల తరాలు అయింది. రాత పుట్టి ఐదు వేల ఏళ్ళ పైచిలుకు మాత్రమే. కాబట్టి చదవడానికని పుట్టుకతో వచ్చిన ప్రత్యేక భాగం ఏ కులంవాడి మెదడులోనూ లేదు, ఏ దేశంవాడి మెదడులోనూ లేదు. చూపుకూ మాటకూ ఉన్న భాగాలనే చదువు తన పనికి మలుచుకుంటుంది. పోర్చుగల్, బ్రెజిల్ దేశాల్లో చదువురానివాళ్ళను, చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళను, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్ళను పోల్చి చూశారు. చూపుకూ మాటకూ వారధిగా ఉండే ఎడమవైపు తీగల కట్ట చదువు వచ్చినవాళ్ళలో మెరుగ్గా ఉందని 2014లో ప్రకటించారు. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళలో కూడా అది మెరుగ్గానే ఉంది.

అది వేర్వేరు మనుషులను పోల్చిన పరిశోధన. ఒకే మనిషిని ముందూ తరువాతా చూసినది మన దేశంలోనే జరిగింది. లక్నో దగ్గర పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ళకు ఆరు నెలలు హిందీ చదవడం, రాయడం నేర్పారు. వాళ్ళ సగటు వయసు 31 ఏళ్ళు. ఎక్కువమంది ఆడవాళ్ళే. చదువు నేర్పిన 21 మందిని నేర్పని 9 మందితో పోల్చారు. నేర్చుకున్నవాళ్ళలో, మెదడు లోతుల్లో చూపును నియంత్రించే పురాతన భాగాలకూ పైపొరలోని చూపు భాగానికీ మధ్య క్రియా సంబంధం బలపడింది. 2017లో వచ్చిన ఈ వ్యాసం రాసినవారిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆచార్యుడు రమేశ్ కుమార్ మిశ్రా ఒకరు. ముప్ఫై దాటిన అమ్మల మెదడే ఆరు నెలల్లో కొత్త పని నేర్చుకుంటే, పదిహేనేళ్ళ మన మెదడుకు వయసు మించిపోయిందని ఎలా అంటాం?

7. దెబ్బ తగిలినా నిలబడే పని

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, వారి సహచరులు మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు లేక అంతకుమించి భాషలు వచ్చిన 391 మందికి జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి ముఖం చూడనివాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది. పక్షవాతం వచ్చిన 608 మందిపై 2016లో ప్రకటించిన పరిశోధనలో, పక్షవాతం తరువాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్ళు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం.

జీవితమంతా రెండు భాషల మధ్య మారుతూ ఉండే మెదడుకు చుట్టు దారులు అలవాటవుతాయని, ఒక దారి దెబ్బతిన్నా పని నిలబడుతుందని దీనికి ఇచ్చే వివరణ. ఇతర దేశాల పరిశోధనలన్నీ ఇదే ఫలితం ఇవ్వలేదు కనుక దీన్ని తుది తీర్పుగా తీసుకోకూడదు. అయినా ఒక మాట చెప్పాలి. మన హాస్టళ్ళలో తండాల నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడతారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు పట్టణాల్లో ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవాళ్ళు ఎందరో. ఇంటి భాష మాట్లాడితే నవ్వేవాళ్ళుంటారు. ఆ భాష బరువు కాదు, ఆస్తి.

8. తీగ నలిగితే పట్టుదల చాలదు

ఇదంతా విని, మనసు పెడితే ఏదైనా సాధ్యమే అనుకుంటే అది కూడా తప్పే. తీగ నిజంగా దెబ్బతింటే ఏమవుతుందో మన పశ్చిమ ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు గట్టిపడి పెరుగుతాయి. వెన్నుపూసలు పెరిగి లోపలి వెన్నుపామును నొక్కితే కాళ్ళు చచ్చుబడతాయి. కాళ్ళూ బాగానే ఉంటాయి, మెదడూ బాగానే ఉంటుంది, నడుమ తీగ నలిగిపోతుంది. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ వ్యాధిని వివరించిన తొలి నివేదిక 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా ఆ జిల్లాలోనివే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నడుము వంగిపోయిన మనిషికి పట్టుదల గురించి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. మంచినీళ్ళు ఇవ్వాలి.

మెదడుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. తీగల తొడుగు కట్టడానికి తిండి కావాలి, ఇనుము కావాలి. కడుపులో ఉన్నప్పుడు తల్లికి అయోడిన్ చాలకపోతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే ఒక పిల్లవాడు వెనుకబడితే వాడి బుర్రను అనేముందు అడగవలసినవి ఉన్నాయి. కడుపునిండా తింటున్నాడా? రక్తం తక్కువగా ఉందా? కళ్ళు సరిగా కనిపిస్తున్నాయా? చెవులు వినిపిస్తున్నాయా? నిద్ర చాలుతోందా? ఇవన్నీ ఉండేలా చూడటం ఇంటి బాధ్యత, బడి బాధ్యత, ప్రభుత్వ బాధ్యత. మెస్సులో గుడ్డు, పప్పు సరిగా పెట్టమని అడగడం తిండిపోతుతనం కాదు. అది చదువుకు సంబంధించిన విషయం.

9. ఇందులో మన పని ఏమిటి?

తొడుగు కట్టే పని మెదడు ముందు భాగంలో ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా సాగుతుంది. అంటే మనం హాస్టల్లో గడిపే ఏళ్ళు మెదడు కట్టుబడి జరుగుతున్న ఏళ్ళే. మా ఇళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళు మాకు ముందు ఎవరూ లేరు. ఇంటావంటా లేదన్న మాట మా విషయంలో అక్షరాలా నిజం. కానీ ఆ మాట చెప్పేది ఇంట్లో పుస్తకం లేదని, పలికించేవాళ్ళు లేరని మాత్రమే. ఇంట్లోవాళ్ళ మెదడులో చోటు లేదని కాదు.

ఈ పాఠం నుంచి ఆచరణలో పెట్టదగినవి కొన్ని రాస్తున్నాం.

ఒకే రాత్రి పది గంటలు చదవడం కంటే అదే పాఠాన్ని వారంలో నాలుగైదు సార్లు, కొద్దికొద్దిగా తిరగేయడం మేలు. వాగు ఒక్క వానకు లోతు కాదు.

పుస్తకం చూస్తూ పదిసార్లు చదవడం కంటే, మూసి గుర్తు తెచ్చుకోవడం, పక్కవాడికి చెప్పడం మంచిది. అప్పుడు దారి రెండు వైపులా నడుస్తుంది.

నిద్ర మానుకోవద్దు. పగలు నేర్చుకున్నది స్థిరపడటంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది. మన వయసువాళ్ళకు రోజుకు ఎనిమిది గంటలు కావాలి.

వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేయవద్దు. తిన్న తరువాత వేసుకోండి.

చిన్న తరగతి తమ్ముడికి లెక్క రాకపోతే తలమీద కొట్టకండి. ఇంకో దారిలో చెప్పి చూడండి. నేరుగా పట్టాలు లేకపోతే చుట్టూ తిరిగి పోయే బండి ఉండవచ్చు.

స్టడీ అవర్‌లో చర్చించుకోవడానికి ప్రశ్నలు:

1. పట్టాల పటానికీ బండ్ల పటానికీ తేడా ఏమిటి? మెదడులో వాటికి సమానమైనవి ఏవి?

2. రెండు భాగాలు జోడుగా పనిచేస్తే వాటి మధ్య నేరుగా తీగ ఉండి తీరాలా? ఎందుకు?

3. హైదరాబాదు బృందం ఒకే కొలత చాలదని ఎందుకు అన్నది?

4. పోర్చుగల్, బ్రెజిల్ పరిశోధనకూ లక్నో పరిశోధనకూ పద్ధతిలో తేడా ఏమిటి? ఏది ఎక్కువ నమ్మదగినది?

5. మీ ఊళ్ళో తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎంతో పరీక్ష చేయించారా? చేయించకపోతే ఎవరికి అర్జీ పెట్టాలి?

ఐదో ప్రశ్నకు జవాబు ఈ వ్యాసంలో లేదు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు కనుక్కొని రండి.